గంజి మనది, తిట్టు ఎవరిది?

ఈ మధ్య మన పేటల్లో కొన్ని తిట్లు బాగా తిరుగుతా ఉన్నాయి. టీ అంగడి దగ్గర, ఎలక్షన్ మీటింగుల్లో, పిల్లల సెల్‌ఫోన్లకు వచ్చే వీడియోల్లో ఎక్కడ చూసినా అవే. కూలి పెంచాలనో, గుడిసెలు కొట్టొద్దనో ఎవరైనా చదువుకున్న పెద్దమనిషి మాట్లాడితే చాలు, పక్కనుంచి ఒకడు అందుకుంటాడు. "ఆయనా? ఫైవ్‌స్టార్ మనిషి. ఏసీలో కూర్చుని బీదోళ్ల గురించి ఏడుస్తాడు" అంటాడు.

కన్నడంలో అయితే ఇంకా ఘాటు. బుద్ధిజీవి అనే మంచి మాటనే సాగదీసి తిట్టులాగా పలుకుతారు. దానికి లద్దిజీవి అని వంకర పేరు కూడా పెట్టారు. లద్ది అంటే గుర్రాలు, ఏనుగులు వేసే పేడ. వీటన్నిటికీ మించింది "గంజి గిరాకి". కరువొచ్చినా వరదొచ్చినా గవర్నమెంటు గంజి కేంద్రాలు తెరుస్తుంది కదా, అక్కడ చేరే మనిషని దాని అర్థం. సర్కారు ఇచ్చే అవార్డులు, అకాడెమీ పదవులు, కమిటీల్లో కుర్చీలు తింటూ అభ్యుదయం మాట్లాడే రచయితలను, ప్రొఫెసర్లను అట్లా ఎగతాళి చేస్తారు.

ఆ తిట్టు విన్నప్పుడల్లా నాకు ఒకటి గుచ్చుకుంటుంది. గంజి అనే మాట మనది. మిల్లు సమ్మెలు నెలల తరబడి నడిచిన రోజుల్లో సంఘం ఆఫీసు ముందర పెద్ద గుండిగలో గంజి కాచేవాళ్లు. మా నాయన వరసలో నిలబడి సత్తు చెంబుతో గంజి తెచ్చేవాడు. మా అమ్మ దాంట్లో ఇంత ఉప్పు, ఎర్రగడ్డ వేసి అయిదు మందికి పంచేది. దాన్ని ఎవరూ బిచ్చం అనుకోలేదు. వంగకుండా నిలబడ్డానికి తాగిన గంజి అది. అట్లాంటి మాటను తీసుకుపోయి, మన పక్షాన మాట్లాడే పెద్దింటి మనిషిని కొట్టడానికి రాయిలాగా వాడుతున్నారు. ఈ రాయి ఎవరిది, ఎవరికి తగులుతుంది, మన ఇళ్లల్లో కూర్చుని ఒకసారి ఆలోచించుకోవాల్సిన సంగతి.

తిట్టులో నిజం లేకపోలేదు

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. ఈ తిట్లు మనకు తియ్యగా ఉంటాయి. ఎందుకంటే శ్రీరంగనీతులు చెప్పేవాళ్లను మనం చూడకుండా లేము. మనలో సగం మంది ఆడవాళ్లు వాళ్ల ఇళ్లల్లోనే గిన్నెలు తోమారు.

మిల్లు మూతపడ్డాక మా అమ్మ ఒక ఇంట్లో పనికి చేరింది. పేరు చెప్పను. ఆ ఇంటామె బాగా చదువుకున్న మనిషి. ఆడవాళ్ల హక్కుల గురించి సభల్లో మాట్లాడేది. ఇంట్లో మాత్రం మా అమ్మ కాఫీ గ్లాసు వేరే. జ్వరమొచ్చి నాలుగు రోజులు పోకపోతే నాలుగు రోజుల జీతం కోత. అట్లాంటి మనిషి సమానత్వం అంటే మనకు నవ్వు రాదా?

కానీ అదే ఇంటామె ఇంకో పని కూడా చేసింది. మా పేటను ఖాళీ చేయించడానికి నోటీసులు వచ్చినప్పుడు, మా వాళ్ల కాగితాలన్నీ తనే చదివి, లాయరును పిలిపించి, కోర్టు దాకా మాతో వచ్చింది. ఇళ్లు నిలబడ్డాయి. పక్కింటి అన్న ఒకాయన, "ఆమెవన్నీ దొంగ మాటలు, నీ గ్లాసు సంగతి మర్చిపోయావా?" అని మా అమ్మను అడిగాడు. మా అమ్మ తొణకలేదు. "గ్లాసు సంగతి, జీతం సంగతి నేను ఆమెతో తేల్చుకుంటా. అది నాకూ ఆమెకూ మధ్య. కోర్టులో ఆమె చెప్పింది నిజమా కాదా, అది చెప్పు" అంది. తేల్చుకుంది కూడా. కోసిన నాలుగు రోజుల జీతం తరువాత నెలలో వసూలు చేసింది.

నేను పెద్దయ్యాక ఈ విషయం మీద చాలా మాటలు విన్నాను. మా అమ్మ చెప్పినంత తేటగా ఎవరూ చెప్పలేదు. మనిషి రెండు నాలుకలతో మాట్లాడుతున్నాడా అన్నది ఒక ప్రశ్న. వాడు చెప్పే మాట సరైనదా కాదా అన్నది ఇంకో ప్రశ్న. తిట్టు చేసే పనల్లా మొదటి ప్రశ్నను చూపించి రెండోదాన్ని మాయం చెయ్యడం.

ఒకే మనిషికి రెండు తిట్లు

ఇంకో తమాషా గమనించండి. 2015 ఏప్రిల్‌లో ఢిల్లీలో ముఖ్యమంత్రులూ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తులూ కూర్చున్న సభలో ప్రధాని నరేంద్ర మోదీ "ఫైవ్‌స్టార్ యాక్టివిస్టులు" అనే మాట వాడారు. వాళ్లు కోర్టులను నడిపిస్తున్నారా అని జడ్జీలు ఆలోచించుకోవాలని దాని భావం. 2019 ఎన్నికలప్పుడు ఢిల్లీలోని ఖరీదైన బజారు పేరు మీద "ఖాన్ మార్కెట్ గ్యాంగ్" వచ్చింది. 2021 ఫిబ్రవరి 8న రాజ్యసభలో, రైతుల ఆందోళన నడుస్తున్నప్పుడు, "ఆందోళనజీవి" వచ్చింది. ఆందోళనల మీద బతికేవాడని దాని అర్థం.

వీటిని ఒకచోట పెట్టి చూడండి. ఫైవ్‌స్టార్ అంటే మరీ డబ్బున్నవాడు. గంజి గిరాకి అంటే తిండి కోసం వరసలో నిలబడేవాడు. ఈ రెండు తిట్లూ తరచుగా ఒకే మనిషికి తగిలిస్తారు. ఒకడే మనిషి పొద్దున కోటీశ్వరుడు, సాయంత్రం బిచ్చగాడు ఎట్లా అవుతాడు? అంటే కోపం ఆయన డబ్బు మీద కాదు, ఆయన మాట మీద. డబ్బు ఉంటే ఒక తిట్టు, లేకపోతే ఇంకోటి. నోరు మూసుకునే దాకా ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది.

ఇది ఒక పార్టీ సొత్తేమీ కాదు. ఎర్రజెండా వాళ్లు తమలో తాము పడక్కుర్చీ మేధావులని తిట్టుకోలేదా? కాంగ్రెసు వాళ్లు, సోషలిస్టులు, ప్రాంతీయ పార్టీల వాళ్లు, ఎవరి చేతికి దొరికిన రాయి వాళ్లు విసిరారు. అయితే ఒకటి చూడండి. కార్మిక చట్టాలు ఎత్తేయాలి, ఓవర్‌టైం రేటు తగ్గించాలి అని మాట్లాడే కోటీశ్వరుణ్ణి ఎవరూ ఫైవ్‌స్టార్ అనరు. ఆయన కారు ఎంత పొడుగు ఉన్నా ఎవరికీ కనపడదు. డబ్బున్నవాడు డబ్బు పక్షాన మాట్లాడితే అది మామూలు. మన పక్షాన మాట్లాడితేనే వాడి కారు, వాడి ఇల్లు, వాడి పిల్లలు చదివే స్కూలు లెక్కకొస్తాయి.

అమెరికాలో కారు, మంచు

ఈ తిట్టు మన దేశంలో పుట్టింది కాదు. ఇంగ్లండులో షాంపేన్ సోషలిస్టు అంటారు. ఫ్రాన్సులో కేవియర్ లెఫ్టు అంటారు, కేవియర్ అంటే ధనికులు తినే చేపగుడ్లు. అమెరికాలో పేరుపడింది లిమోజిన్ లిబరల్. లిమోజిన్ అంటే డ్రైవరు నడిపే పొడవాటి కారు. 1969లో న్యూయార్కు మేయరు ఎన్నికల్లో మారియో ప్రొకచ్చినో అనే అభ్యర్థి, అప్పటి మేయరు జాన్ లిండ్సే మీద ఈ మాట విసిరాడు. ప్రొకచ్చినో ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంవాడు. లిండ్సే పెద్దింటివాడు, నల్లవాళ్ల పక్షాన, పేదవాళ్ల పక్షాన మాట్లాడేవాడు.

ఆ కోపం వెనకాల నిజమైన బాధ ఉంది. ఆ ఏడు ఫిబ్రవరిలో న్యూయార్కులో పెద్ద మంచు తుపాను కొట్టింది. 40 మందికి పైగా చనిపోయారు. మామూలు జీతగాళ్లు ఉండే క్వీన్స్ ప్రాంతంలో రోజుల తరబడి వీధుల్లో మంచు ఎత్తలేదు. చూడ్డానికి వచ్చిన మేయరు లిమోజిన్ ఆ మంచులోనే కూరుకుపోయింది. జనం కేకలేసి తరిమినంత పని చేశారు. మన వీధిలో వారం రోజులు చెత్త ఎత్తకపోతే మనమేమంటాం? వాళ్లూ అదే అన్నారు. అక్కడి దాకా అది న్యాయమైన కోపం. మంచు ఎప్పుడు ఎత్తుతారన్నది లెక్క చెప్పాల్సిన ప్రశ్న.

కానీ తిట్టు మంచు దగ్గర ఆగలేదు. లిండ్సే ఆ ఎన్నికలో గెలిచాడు, ప్రొకచ్చినో ఓడిపోయాడు, తిట్టు మాత్రం అయిదు దశాబ్దాలు దాటి బతికింది. మరుసటి ఏడే దాని తమ్ముడు లాంటి మాట ఇంకోటి వచ్చింది. 1970 జనవరిలో ప్రసిద్ధ సంగీతకారుడు లెనర్డ్ బెర్న్‌స్టైన్ ఇంట్లో, జైల్లో ఉన్న బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్ల కేసు ఖర్చుల కోసం చందాల సభ పెట్టారు. టామ్ వోల్ఫ్ అనే రచయిత ఆ సభను వెక్కిరిస్తూ రాసి, దానికి "రాడికల్ చిక్" అని పేరు పెట్టాడు. విప్లవం కూడా పెద్దింటి ఫ్యాషన్ అయిందని ఎగతాళి. ఆ ఇంటి సోఫాలు, పళ్లేల్లో పెట్టిన తినుబండారాలు ఈరోజుకీ జనానికి గుర్తున్నాయి. మరి ఆ కేసు ఏమైంది? విచారణ దాకా వచ్చిన 13 మందినీ 1971 మేలో అన్ని ఆరోపణల నుంచీ నిర్దోషులుగా విడిచిపెట్టారు. ఇది ఎంతమందికి గుర్తుంది? తిట్టు ఎంత బలమైందో చూడండి. తినుబండారాలను మిగిల్చి, మనుషులను మరిపించింది.

బిన్నీ వాళ్లతో కొట్లాడిన పార్శీ దొర

ఇప్పుడు మన మిల్లుల సంగతికి వద్దాం. బెంగళూరులో బిన్నీపేట అనే పేరు ఎక్కడినుంచి వచ్చిందో మీకు తెలుసు. 1884లో మొదలైన బెంగళూరు ఉన్ని, నూలు, పట్టు మిల్లును నడిపించింది బిన్నీ కంపెనీ. అదే కంపెనీకి మద్రాసు పెరంబూరులో బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లులు ఉండేవి. 1918 ఏప్రిల్ 27న ఆ కూలీల కోసం మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మన దేశంలో పద్ధతిగా నడిచిన మొదటి కార్మిక సంఘాల్లో అదొకటి.

దాన్ని ఎవరు పెట్టారు? పెరంబూరు వ్యాపారులు సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు కూలీల గోడు విని, అనీబిసెంటు దగ్గర పనిచేసే బి.పి. వాడియాను పిలుచుకొచ్చారు. వాడియా బొంబాయి పార్శీ వ్యాపార కుటుంబంవాడు. ఎన్నడూ మగ్గం ముందర నిలబడలేదు. ఇప్పటి లెక్కలో అయితే అసలు సిసలు ఫైవ్‌స్టార్. అయినా సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1920లో బిన్నీ కంపెనీ ఆయన మీదా సంఘం నాయకుల మీదా నష్టపరిహారానికి దావా వేసింది, కోర్టు నుంచి ఆంక్ష తెచ్చింది. సంఘం పెట్టడమే నేరమైనట్టు తయారైంది. ఈ దెబ్బ చూసి 1921లో ఎన్.ఎం. జోషి ఢిల్లీ చట్టసభలో సంఘాలకు రక్షణ కావాలని తీర్మానం తెచ్చాడు. 1926లో ట్రేడ్ యూనియన్ చట్టం వచ్చింది. ఈరోజు మన సంఘానికి రిజిస్ట్రేషన్ నంబరు ఉందంటే దాని మూలం ఆ గొడవలో ఉంది.

ఇంకో సగం కూడా చెప్పాలి. ఆ కేసు రాజీలో భాగంగా వాడియా సంఘం నుంచి తప్పుకున్నాడు. ఆయనకు వెళ్లడానికి వేరే చోటు ఉంది. కూలీలకు లేదు, వాళ్లు అక్కడే ఉండి 1921లో మళ్లీ సమ్మె కట్టారు. పెద్దింటి స్నేహితుడి బలమూ అదే, బలహీనతా అదే. మనం తట్టలేని తలుపు ఆయన తట్టగలడు. కానీ ఎప్పుడంటే అప్పుడు ఆయన తన ఇంటికి పోగలడు.

ఫ్రీడం పార్కులో ఒక గది

పోకుండా ఉండిపోయినవాళ్లు లేరా? ఉన్నారు. మన బెంగళూరులోనే, మన తెలుగు మనిషే.

స్నేహలతా రెడ్డి 1932లో ఆంధ్ర మూలాలున్న క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. ఆమె భర్త నెల్లూరు పెద్దింటి పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. "ఫిడేలు రాగాల డజన్" రాసిన కవి ఆయనే, మన అమ్మమ్మలు చూసిన "పెళ్లినాటి ప్రమాణాలు" సినిమా తీసిందీ ఆయనే. బెంగళూరు సెయింట్ మార్క్స్ రోడ్డులో వాళ్ల ఇల్లు. నాటకాలు, ఇంగ్లీషు, లోహియా సోషలిజం, ఇంటి నిండా కవులు, కళాకారులు. 1970లో పఠాభి తీసిన కన్నడ సినిమా "సంస్కార"లో చంద్రి వేషం స్నేహలతది. వీధిలో నడిచే మనిషి అటు చూసి ఎగతాళి చెయ్యాలంటే అంతకంటే మంచి ఇల్లు దొరకదు.

ఎమర్జెన్సీ వచ్చింది. కార్మిక నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ అజ్ఞాతంలోకి పోయాడు. ఆయనతో స్నేహం ఉన్నందుకు, బరోడా డైనమైట్ కేసు పేరు చెప్పి 1976 మే 2న స్నేహలతను పట్టుకుపోయారు. చివరికి ఆ కేసు చార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా మీసా చట్టం కింద ఎనిమిది నెలలు బెంగళూరు సెంట్రల్ జైల్లో పెట్టారు. ఆమెకు ఉబ్బసం. మందు సరిగ్గా అందక ఊపిరాడక అల్లాడింది. అదే జైల్లో ఉన్న మధు దండవతే, రాత్రుళ్లు ఆమె కేకలు వినపడేవని తరువాత రాశారు. ఎల్.కె. అద్వానీ కూడా ఆ జైల్లోనే ఉన్నారు. ఎమర్జెన్సీ ఏ జెండా వాళ్లనూ వదల్లేదు.

అక్కడ ఆమె చేసిన పని చూడండి. పక్క గదుల్లో చిన్న చిన్న నేరాల మీద వచ్చిన బీద ఆడవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లను కొట్టడం ఆపాలని, తిండి బాగుపడాలని ఆమె జైలు వాళ్లతో పోరాడింది. వాళ్లకు పాటలు, ఆటలు నేర్పింది. ఆమె రాసుకున్న జైలు డైరీ తరువాత అచ్చయింది. ఒళ్లు పూర్తిగా చెడిపోయాక 1977 జనవరి 15న పెరోలు మీద వదిలారు. అయిదు రోజులకు, జనవరి 20న చనిపోయింది. వయసు 44 ఏళ్లు.

ఆ సెంట్రల్ జైలు ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? శేషాద్రి రోడ్డులో, ఫ్రీడం పార్కు. జైలును పరప్పన అగ్రహారానికి మార్చాక ఆ చోటును పార్కు చేశారు. ఈ ఊర్లో ధర్నా చెయ్యాలంటే ఇప్పుడు పోలీసులు మనకు చూపించే చోటు అదే. అంగన్‌వాడీ అక్కలు, ఆశా అక్కలు, గార్మెంట్సు పిల్లలు షామియానా కింద కూర్చునేది ఆ గోడల పక్కనే. సెయింట్ మార్క్స్ రోడ్డు ఇంటామెను ఫైవ్‌స్టార్ అనాలంటే ఆ గోడల దగ్గర నిలబడి అనాలి.

"సంస్కార"లో ఆమెతో కలిసి నటించిన గిరీశ్ కార్నాడ్‌కూ ముసలితనంలో ఇదే వాటా అందింది. గౌరీ లంకేశ్ హత్య జరిగి ఏడాదైన 2018 సెప్టెంబరు 5న, బెంగళూరు సభలో ఆయన "నేనూ అర్బన్ నక్సలే" అనే అర్థం వచ్చే పలక మెడలో వేసుకుని కూర్చున్నాడు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం ఉంది. దాని మీద పోలీసు కంప్లయింటు కూడా ఇచ్చారు. ఆయన మాటలతో మీరు ఏకీభవించవచ్చు, లేకపోవచ్చు. సుఖంగా ఇంట్లో పడుకోగలిగిన మనిషి, ఆ స్థితిలో వచ్చి కూర్చున్నాడన్నది మాత్రం చూడాలి.

మన లెక్క మనకుండాలి

అట్లాగని పెద్దింటివాళ్లు వస్తేనే మన పని అవుతుందని కాదు. 2016లో పీఎఫ్ రూలు మార్చినప్పుడు ఏమైంది? కంపెనీ వాటా 58 ఏళ్లు నిండే దాకా తియ్యకూడదన్నారు. ఏప్రిల్ 18, 19 తేదీల్లో గార్మెంట్సు ఆడపిల్లలు వేలమంది కుట్టుమిషన్లు వదిలేసి హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు, మైసూరు రోడ్డు ఎక్కారు. ముందర పేరున్న నాయకుడు లేడు, మేధావి లేడు, కారు లేదు. లాఠీలు పడ్డాయి. రెండో రోజుకే ఢిల్లీ సర్కారు ఆ రూలు వెనక్కి తీసుకుంది. వాళ్లను ఫైవ్‌స్టార్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు, అనడానికి ఏమీ దొరకలేదు. కాబట్టి స్నేహితుడు వస్తే మంచిది, రాకపోతే మన కాళ్లున్నాయి.

వచ్చినవాణ్ణి కొలవడానికి మాత్రం టీవీవాళ్ల తిట్టు మనకు వద్దు, మన కొలత మనకుంది. మొదటిది, ఆయన ఇంట్లో పనిచేసే మనిషికి జీతం, సెలవు, గ్లాసు ఎట్లా ఉన్నాయి. అడగడానికి మొహమాటపడొద్దు, మన అక్కచెల్లెళ్లే అక్కడ పనిచేస్తారు, వాళ్లకు తెలుసు. రెండోది, ఖర్చు పడే రోజు వచ్చినప్పుడు, అంటే కేసు, లాఠీ, నష్టం వచ్చినప్పుడు, ఆయన ఉన్నాడా, ఊరెళ్లిపోయాడా. మూడోది, మైకు ఎవరి చేతిలో ఉంది. మన తరఫున మాట్లాడి మనల్ని వెనక వరసలో కూర్చోబెడితే, ఆ మైకు మర్యాదగా అడిగి తీసుకోవాలి.

ఈ మూడింట్లో తప్పినవాణ్ణి మొహం మీదే అడుగుదాం. పెద్దవాడని భయం వద్దు, మా అమ్మ అడగలేదా? కానీ అడగాల్సింది మనం, మన లెక్కతో. మన కూలి పెరగకూడదని కోరుకునేవాడు వచ్చి, "చూడు, నీ స్నేహితుడు కారులో వచ్చాడు" అంటే, "వచ్చాడు సరే, మరి నువ్వు దేంట్లో వచ్చావన్నా? కూలి సంగతి ఏం చెప్తావు?" అని అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు వచ్చే దాకా ఏ తిట్టుకూ మనం చప్పట్లు కొట్టాల్సిన పని లేదు.